చన్నీళ్ళు

మొదటిరోజు దుల్మా నేర్పింది
కార్ట్రిడ్జి నింపడం కాదు,
చేతులు కడుక్కోవడం.

వేడినీళ్ళు తాకకు, అంది.
వేడి తగిలితే ఈ పొడి కరుగుతుంది,
కరిగిందంటే దానికి
కాగితమూ ఒకటే, నీ తోలూ ఒకటే.
అచ్చైపోతావు.

బయట మైనస్ ముప్ఫైరెండు.
ఉలాన్‌బాతర్ పొగగొట్టాలన్నీ కూడబలుక్కుని
సాయంత్రం నాలుగింటికే సూర్యుణ్ణి మింగేశాయి.
ఇనుప కంటైనర్‌లో మా కొట్టు,
ఇటు పక్క చెప్పులు కుట్టేవాడు,
అటు పక్క పగిలిన ఫోన్లకు అద్దాలు.
బయటి మసి ఉచితం, ఎవరికీ అక్కర్లేదు.
లోపలి మసిని మేం గ్రాముల్లో తూచి అమ్ముతాం.

రెండు మరలు, ఒక స్ప్రింగు, పక్కమూత.
డ్రమ్ము వెలుతురు చూడకూడదు,
కంటి ఆపరేషనైన మనిషిలా
నల్లగుడ్డ కప్పి పక్కన పడుకోబెట్టాలి.
తర్వాత తెలిసింది,
ప్రతి కార్ట్రిడ్జికీ రెండు కడుపులని:
ఒకదాంట్లో రాయబోయేది,
ఇంకోదాంట్లో
కాగితం దాకా వెళ్ళి, అంటుకోక, తిరిగొచ్చింది.
చెప్పబోయి మింగిన మాటలన్నమాట, అన్నాను.
దుల్మా ఇలాంటివి వినదు.
"మాస్కు పైకి లాక్కో" అంది.

ఇక్కడి చలి పొడిచలి.
స్వెటర్ విప్పితే చిటపటమని మెరుపులు.
నల్లపొడి గరాటా దారి వదిలి
నా మోచేతి మీదికి దూకుతుంది,
చాన్నాళ్ళకు కనబడిన చుట్టంలా
వదలదు.

ఒకసారి కంపెనీ మనిషొచ్చాడు, బూడిదరంగు కోటు.
మసిపూసి మారేడుకాయ చేస్తున్నారని
చుట్టూ నలుగురూ వినేలా అన్నాడు.
దుల్మా ఉప్పేసిన పాలచాయ్ అతనికీ ఒక గిన్నె పోసింది.
ఖాళీ అని ప్రింటరు కక్కేసిన కార్ట్రిడ్జిని
అతని ముందే విప్పి తక్కెడలో వంచింది.
ముప్ఫైయొక్క గ్రాములు.
తర్వాత గోరంత చిప్పును పట్టకారుతో ఎత్తి చూపింది,
"ఆకలని అబద్ధమాడింది నేను కాదు, ఇదీ."
అతను చాయ్ మాత్రం పూర్తిగా తాగి వెళ్ళాడు.

మొన్న శుక్రవారం, షట్టరు సగం దించాక
ఖాంద్‌సూరెన్ టీచరు వంగి లోపలికొచ్చింది.
పన్నెండు గంటల బస్సు.
కనురెప్పల మీద ఇంకా మంచు.
గొర్రెతోలు కోటు గుండీలు విప్పి,
చలికి బిగుసుకుపోతుందేమోనని
ఒంటి వెచ్చదనంలో దాచి తెచ్చిన కార్ట్రిడ్జిని
బల్ల మీద పెట్టింది.
సోమవారం పరీక్ష. నూటనలభై మంది.
బడి మొత్తానికి ఒకటే ప్రింటరు.

నింపిన ప్రతిసారీ దుల్మా
దాని పక్కటెముక మీద మేకుతో ఒక గీత గీస్తుంది.
పది గీతలున్నాయి.
నల్లగుడ్డ తీసి, డ్రమ్మును ఏటవాలుగా పట్టి,
నాలుక చప్పరించింది.
"అరిగిపోయింది టీచర్,
ఇక ఎంత నింపినా
ప్రతి పేజీకీ ఎడమవైపు ఒక గీత పడుతుంది.
పైనుంచి కిందకి."

"పోయినేడాది నుంచీ పడుతోందిగా" అంది ఆవిడ
చేతులు పొయ్యికి చాపుతూ.
"పిల్లలు దాని మీదే పేర్లు రాస్తారు.
గీత లేని కాగితమిస్తే
ఎక్కడ రాయాలని అడుగుతారు."

దుల్మా ఏమీ అనలేదు.
కొత్త డ్రమ్ముల పెట్టె దాకా వెళ్ళిన చెయ్యి
దాని మూత మీద కాసేపు ఆగి
మేకు అందుకుంది.
పదకొండు.

నింపాను. ఊపాను, కుడికీ ఎడమకీ,
జల్లెడ పట్టినట్టు.
టెస్టు పేజీ వెచ్చగా బయటికొచ్చింది,
ఎడమ అంచున వెంట్రుకంత గీత,
ఎవరో పెట్టి మరిచిపోయిన దారంలా.

టీచరు బస్సు కోసం పరిగెత్తింది.
పేజీని చెత్తబుట్టలో వెయ్యబోయి
ఆగాను.
పెన్ను కోసం జేబు తడుముతుంటే
వెనకనుంచి కేక.

"ముందు చేతులు కడుక్కో!"

పీపాలో పైన గడ్డకట్టిన పొర.
చెంబుతో ఒక్క పోటు పొడిచాను.